మాట తప్పని రాక్షసుడు

"నా రాక్షసుడు చావడం లేదు సార్!" అంటూ వచ్చిపడ్డాడు ఆటలు తయారుచేసే పెద్దమనిషి.

డేగకళ్ళు అని పేరుపడ్డ డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. పూర్వం టైపిస్టుగా పనిచేసిన ఆయన అసిస్టెంటు ఆత్రంగా పెన్సిల్ చెక్కుకుంది.

ఆన్‌లైన్‌లో వేలమంది కలిసి ఆడే ఆట అది. రాక్షసుడు చస్తేనే ఆటగాళ్ళంతా కొత్త ఊరు కట్టుకోగలరు. పరీక్షగా ఆడుతున్నవాళ్ళు చంపుతున్నారు, వాడు కూలుతున్నాడు, మరుక్షణమే కోటగుమ్మంలో ప్రత్యక్షమవుతున్నాడు. ఆట విడుదలేమో ఆ సాయంత్రమే.

"ఇది మా బావమరిది పనే. ప్రోగ్రాం రాసింది వాడు. ఇంట్లోంచి పొమ్మన్నాను. దాంతో మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. ఆట పోతే పోయింది, నా కాపురం కూడా పోయేలా ఉంది సార్!"

"మీ ఆటలో గొప్పేమిటి?"

పెద్దమనిషి కన్నీళ్ళలోనే ఛాతీ విరుచుకున్నాడు. "నా ఆటలో ఎవరూ మాట తప్పరు సార్. పాత్ర నోటితో ఏదంటే కంప్యూటర్ అది విని వాడిచేత అదే చేయిస్తుంది."

ముగ్గురూ పెద్దమనిషి ఇంటికి వెళ్ళారు. ఆ ఇంటి హాలే వాళ్ళ ఆఫీసు. బొమ్మలు వేసే భార్య గోడకేసి చూస్తోంది. రాక్షసుడికి గొంతిచ్చిన అత్తగారు టీ పోస్తోంది. బావమరిది పెట్టె సర్దుకుని నిలబడ్డాడు.

"నేను పోతున్నా," అన్నాడతను.

"నోర్ముయ్! బయల్దేరుతూ పోతున్నా ఏంటి? వెళ్ళొస్తానను," అని కసిరింది తల్లి.

"నేనిక రానమ్మా!"

"రాకపోతే మానెయ్. అనడం మాత్రం అలాగే అనాలి."

డేగకళ్ళు రాక్షసుణ్ణి చంపించి చూశాడు. వాడు నోరు తెరవగానే విజయసంగీతం హోరెత్తింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, సంగీతం ఆపించి, మళ్ళీ చంపించాడు. ఈసారి ఆయన మీసం కదిలింది.

"బావమరిదేనా సార్?" అని గుసగుసలాడింది అసిస్టెంటు.

"అందర్నీ కూర్చోబెట్టు."

అందరూ కూర్చున్నారు, కంప్యూటర్ ముందు కుర్చీలో పెద్దమనిషి.

"చచ్చేముందు రాక్షసుడు ఏమనాలి?"

"పోతున్నాను అని రాశాను సార్," అన్నాడు పెద్దమనిషి.

"అమ్మా, మీరేమన్నారు?"

"వెళ్ళొస్తాను అన్నాను," అంది అత్తగారు బెరుకు లేకుండా. "రాక్షసుడైతే మాత్రం, వాడికో తల్లి ఉండదూ?"

"అదీ సంగతి! వాడు వెళ్ళొస్తానన్నాడు. వెళ్ళాడు, వచ్చాడు. హోరులో ఆ మాట మీకెవరికీ వినబడలేదు, కంప్యూటర్‌కి వినబడింది. ప్రోగ్రాంలో ఏ దోషమూ లేదు."

అసిస్టెంటు చప్పట్లు కొట్టబోయి ఆగింది. పెద్దమనిషి తల వాలిపోయింది.

"అత్తయ్యా, ఒక్కసారి పోతున్నానని..."

"చచ్చినా అనను," అంది ఆవిడ. ఆ మాటకు మాత్రం అభ్యంతరం లేదు కాబోలు.

"పోనీ, ఉంటానండీ అనిపిస్తే?" అంది అసిస్టెంటు.

"అప్పుడసలు కదలనే కదలడు," అన్నాడు బావమరిది.

చివరికి 'ఇక సెలవు' అనడానికి ఆవిడ ఒప్పుకుంది. కానీ దాన్ని ఆటలో ఎక్కించడం తెలిసినవాడు ఒక్కడే, అతను పెట్టె అందుకున్నాడు. భార్య మొదటిసారి భర్తవైపు తిరిగింది.

"తప్పు నాదేరా. ఉండిపో," అన్నాడు పెద్దమనిషి.

బావమరిది గుమ్మం దాకా నడిచి, తల్లివైపు ఓసారి చూసి, "వెళ్ళొస్తాను," అన్నాడు. ఒక మెట్టు దిగాడు. వెంటనే వెనక్కొచ్చి పెట్టె కింద పెట్టాడు.

"మన ఆటలో ఎవరూ మాట తప్పరు కదా బావా," అన్నాడు. "లే, ఆ కుర్చీ నాది."