ఎడమ సీటు పాట

"వీటినాండీ మీరు ఇన్నాళ్ళూ స్పీకర్లనుకున్నది?"

కారు డోరు లోపలి అట్ట ఊడదీసి, అరచేయంత కాగితపు గిన్నె ఒకటి బయటికి లాగి, మినోరి అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది.

"కంపెనీ వాళ్ళు పెట్టినవేనండీ," అన్నాడు అసాకురా షుహెయ్, తప్పంతా తనదే అయినట్టు మొహం పెట్టి.

"పెట్టారు లెండి. నా లంచ్ డబ్బా మూత దీనికంటే గట్టిగా ఉంటుంది."

"పాట వస్తోంది కదా మరి!"

"వస్తోంది. పాపం, జలుబు చేసి వస్తోంది."

షుహెయ్‌కి ఒళ్ళు మండింది. కారు చిన్నదే కావచ్చు, కానీ సొంత సంపాదనతో కొనుక్కున్నది. మా కనజావా ఊళ్ళో వాన మొదలైతే ఇక ఆ రేకు టాప్ మీద డప్పు వాయిద్యమే, పాటలో ఒక్క ముక్క వినబడదు. అందుకే ఈ కారు స్పీకర్ల షాపుకి వచ్చాడు, తిట్టించుకోవడానికి కాదు. కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం "ఇది బాగా కనిపిస్తోందా, అది కనిపిస్తోందా" అని జనాన్ని బతిమాలే మనిషికి ఈ దబాయింపు కొత్త.

షాపు లోపలినుంచి మినోరి నాన్న కురబె గారు కేకేశారు. "మినోరీ! వచ్చినవాళ్ళని భయపెట్టకే!"

"నిజం చెబుతున్నా నాన్నా!"

పిల్ల నోరు అలాంటిదే కానీ, పని చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. డోరు లోపలి రేకుకి నల్లటి జిగురు షీట్లు మూలమూలలా నొక్కి అంటించింది, అదరకుండా. కొత్త స్పీకర్‌కి చెక్క రింగు తనే కోసి బిగించింది. సన్నటి శబ్దాల బుల్లి స్పీకర్లని ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న స్తంభాలకి పెట్టింది. సాయంత్రానికి డోరు వేస్తే టప్‌మని బరువుగా పడింది. షుహెయ్ కోపం అక్కడే సగం కరిగింది.

"రండి, అసలు పని ఇప్పుడుంది," అంది మినోరి, ఎడమ సీట్లో కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరుస్తూ.

డ్రైవర్ కూర్చునేది కుడిపక్కన. కుడి స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. దగ్గరదాన్ని వెంట్రుకవాసి ఆలస్యం చేస్తే రెండూ కలిసి ఒక్కసారే చెవిని చేరతాయి. అప్పుడు పాడే గొంతు ఎదుట అద్దం మధ్యలో మనిషిలా నిలబడుతుంది. ఒకప్పుడు ఈ పనికి కురబె గారిది పెట్టింది పేరు. ఈమధ్య ఆయన చెవులకి సన్నటి శబ్దాలు అందడం లేదు. అందుకే ఈ ఏడాదినుంచి ట్యూనింగ్ కూతురికి అప్పజెప్పారు. నిలదొక్కుకుంటే షాపు నీది, లేదంటే మూసేద్దాం అన్నారు.

"కళ్ళు మూసుకోండి. ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోందో వేలితో చూపించండి."

షుహెయ్ కళ్ళు మూసుకున్నాడు. బయట వాన. లోపల ఏదో ఆడగొంతు పాట. పక్కనే కమలాపండు తొక్క వాసన, ఇందాక తిన్నట్టుంది. అతనేం చెబుతాడోనని ఆమె ఊపిరి బిగబట్టింది. ఆ బిగబట్టడం కూడా అతనికి వినబడింది. వేలెత్తి చూపించాడు.

కళ్ళు తెరిచేసరికి ఆ వేలు సరిగ్గా మినోరి భుజం ముందు ఉంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాడు. ఆమె మాత్రం వేలినే పట్టి పట్టి చూస్తోంది, లెక్కల పరీక్షలో కూర్చున్నట్టు.

"అంత ఎడమకి జరిగిందా! క్షమించండి అసాకురా గారూ, నా పొరపాటే. వచ్చేవారం మళ్ళీ రండి, సరిచేస్తాను."

కాదండీ అని ఒక్క మాట అనాలి కదా! అనలేదు. సరేనండీ అనేశాడు, మళ్ళీ రావచ్చన్న ఆశతో.

షాపు ముందు గొడుగు కూడా లేకుండా నిలబడి, నడుం వంచి సాగనంపింది. కారు కనుమరుగయ్యేదాకా తల ఎత్తకూడదు, మా దగ్గర అది మర్యాద. కారు కదిలిందో లేదో ఎదుటి సిగ్నల్ ఎర్రబడింది. అద్దంలో చూస్తే ఆమె వంగే ఉంది, వాన వీపు మీద పడుతూనే ఉంది. లోపలికెళ్ళమని అతను చెయ్యి ఊపాడు. అది చూసి ఆమె ఇంకా కిందికి వంగింది. పాపం ఏం చెయ్యాలో తోచక ఇతనూ స్టీరింగ్ మీదికి వంగాడు. పచ్చ లైటు పడ్డా చూసుకోలేదు, వెనకవాడు హారన్ కొట్టేదాకా. అదిగో, మనవాడి పని అక్కడే అయిపోయింది.

తర్వాత రావడాలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతిసారీ ఆమె ఎడమ సీటే, అతని వేలు ఎడమకే.

"ఇంకా ఎడమేనా?"

"అ... అలాగే అనిపిస్తోంది."

"సరే, ఇంకొంచెం కుడికి నెడతాను."

మొదట్లో లంచ్ డబ్బా మూతల మీద జోకులు వేసిన పిల్ల మెల్లమెల్లగా జోకులు మానేసింది. షుహెయ్ అది గమనించాడు, అలసటేమో అనుకున్నాడు. ప్రేమలో పడ్డవాళ్ళకి ఎదుటివాళ్ళ బాధ ఆలస్యంగా తెలుస్తుంది కాబోలు.

ఓ ఆదివారం వెళ్ళేసరికి షాపులో కురబె గారొక్కరే ఉన్నారు.

"మీ పని వేరే షాపుకి అప్పజెప్పమంది మినోరి, బాబూ," అన్నారు, టీ కప్పు చేతిలో తిప్పుతూ. "డబ్బులు వెనక్కిచ్చేస్తాం. అది నగోయాలో విడిభాగాల కంపెనీలో చేరుతోంది, బిల్లులు రాసే పని. ఒక్క కారులో గొంతుని మధ్యన నిలబెట్టలేనిదానికి షాపెందుకు నాన్నా అంటోంది. షాపు మూసేస్తున్నాం."

షుహెయ్ గబగబా షాపంతా కలియజూశాడు. "ఆవిడ ఎక్కడున్నారండీ?"

"వెనకాల. పనిముట్లు సర్దుతోంది."

అతని గొంతు విని మినోరే వచ్చింది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మినోరి గారూ! సౌండ్ బాగుంది. మొదటి రోజే బాగుంది!"

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మీరు మంచివారు. నేను బాధపడతానని అలా అంటున్నారు."

"అయ్యో, నిజమండీ!"

"ఇన్నిసార్లు తిప్పినా ఒక్క మాట అనలేదు మీరు. మీలాంటి వాళ్ళు ఉండరు."

చూశారా, మా వాళ్ళతో ఇదే చిక్కు. నిజం చెప్పినా మర్యాదకి చెప్పారనుకుంటారు. ఇతను తల పట్టుకున్నాడు, ఆమె మళ్ళీ వంగింది. కురబె గారికి విసుగొచ్చి కారు తాళాలు లాక్కున్నారు.

"సన్నటివి వినబడకపోతేనేం, గొంతు వినబడుతుందిగా. నేను చూస్తా." కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మరుక్షణం తెరిచారు. "ఇదేమిటే, ఈవిడ కుడి కిటికీ పట్టుకుని వేలాడుతోంది!"

"ఆయనకి ఎడమకి వినబడుతోందని నెడుతూ వచ్చా నాన్నా."

"మొదటి రోజు సెట్టింగ్ దాచావా? పెట్టు." పెట్టింది. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. వేలు మెల్లగా లేచి అద్దం నట్టనడుమ ఆగింది. "మొదటి రోజే కుదిరింది కదే పిచ్చిదానా! నా చేతిలో కూడా ఇంత చక్కగా నిలబడలేదు ఎప్పుడూ."

మినోరి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, తీరిగ్గా షుహెయ్ వైపు తిరిగింది.

"అయితే మీరు ఎడమకెందుకు చూపించారు? నిద్రపట్టక ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా? షాపు మూయించబోయారు మీరు!"

"మీరక్కడ కూర్చున్నారు కాబట్టి."

"అంటే?"

"పాట ఎక్కడుందో నాకు తెలీదండీ. మీరు పక్కన కూర్చుంటే నాకింకేమీ వినబడదు. మొదటిసారి తెలియక చూపించా. తర్వాత తెలిసే నోరు మూసుకున్నా, మళ్ళీ రావచ్చని. మీకింత కష్టం అవుతుందనుకోలేదు. తప్పు నాదే. మీరంటే నాకిష్టం."

కురబె గారు గట్టిగా దగ్గి, టీ పెట్టాలంటూ లోపలికి వెళ్ళిపోయారు. చెవులు పాడైన మనిషికి కూడా ఇది బాగానే వినబడినట్టుంది.

మినోరి మొహం చెవులదాకా ఎర్రబడింది. కోపం మాత్రం వదల్లేదు. "నేను నమ్మను. ఎక్కండి. కళ్ళు మూసుకోండి."

అతను ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. డోరు ఎక్కడో టప్‌మంది, వాన చప్పుడులో ఏ డోరో తెలియలేదు.

"ఇప్పుడు చూపించండి," అంది, పాట కంటే మెల్లగా.

షుహెయ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యెత్తి, భుజం మీదుగా వెనక సీటు వైపు చూపించాడు.

వెనకనుంచి కిసుక్కున నవ్వు, ఆ నవ్వులోనే చిన్న ఏడుపు. ఇంకా గాల్లోనే ఉన్న అతని వేలిని ఆమె వెనక సీట్లోంచి ముందుకి వంగి గట్టిగా పట్టుకుంది.

"నాన్నా!" అని షాపులోకి కేకేసింది, వేలు వదలకుండానే. "నగోయా వాళ్ళకి రానని చెప్పెయ్!"