గుండీ మీద పడ్డ కిరణం

భోజనాల వేళ. షెడ్డులో ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం. పెద్ద ఇనప ట్యాంకు మూత అప్పుడే బిగించేసి పనివాళ్లు తిండికి పోయారు. వెల్డింగు అతుకుల్లో పగుళ్లు ఉన్నాయో లేవో చూసి చెప్పడం అక్క పని. లోపలి అతుకులు వేసింది ఆమె తమ్ముడే. ముప్పై దాటినా ఆమెకింకా బుడ్డోడే.

ఆ పరీక్షలో చేత్తో తట్టేదేమీ ఉండదు. ఒక లేజరు రెప్పపాటులో ఇనుముని కొడుతుంది. ఆ వేడికి పుట్టిన సన్నని శబ్దం లోపలిదాకా పోయి తిరిగొస్తుంది. అప్పుడు ట్యాంకు గోడ వణికే కాస్త వణుకునీ ఇంకో కిరణం పట్టుకుని తెర మీద గీతగా చూపిస్తుంది. పొద్దున బుడ్డోడు ఆ కిరణానికి తన చొక్కా స్టీలు గుండీ అడ్డం పెట్టాడు. గీత ఎగిరెగిరి పడుతుంటే, "చూశావా, నాకూ గుండె ఉంది. అమ్మకి చెప్పు" అని నవ్వి, ఆఖరి అతుకు వేయడానికి ట్యాంకులోకి దిగాడు.

ఇప్పుడు తెర మీద, ఉండకూడని చోట, దెబ్బలు. రెండు... కాస్త ఆగి ఒకటి.

బయటి చప్పుడేదో కలిసిందనుకుంది. అలాంటివి పోవడానికి వంద గీతలు కలిపి సగటు తీస్తారు. తీసింది. దెబ్బలు పోకపోగా ఇంకా స్పష్టంగా తేలాయి. కొట్టే లేజరు ఆపేసింది. అయినా... రెండు... ఒకటి. చిన్నప్పటి నుంచీ వాడు ఆమె గది తలుపు కొట్టేది అలాగే.

"ఒరేయ్, ఆటపట్టించకు," అంది పైకే.

"నేను ముట్టుకోలేదక్కా."

వాడు వెనకే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. కాలిన ఇనుము వాసన గుప్పుమంది. ఉలిక్కిపడి తిరగడంలో మోచెయ్యి స్టాండుకి తగిలి, కిరణం జారి వాడి గుండీ మీద పడింది.

గీత తిన్నగా ఉండిపోయింది. చిన్న వణుకు కూడా లేదు.

ఆమె ఆ గుండీ వంకే చూస్తూ అడిగింది, "ట్యాంకులోంచి ఎప్పుడు బయటికొచ్చావురా?"



కిరణాన్ని మళ్లీ ట్యాంకు వైపు తిప్పింది. రెండు... ఒకటి. నీరసంగా. భయంతో ఏడుపొచ్చేసింది. మూత బోల్టులు విప్పుదామని తడుముకుంటూ స్పానరు అందుకుంది.

"తీయకక్కా," గుసగుసగా అన్నాడు. "నేను బయటే ఉన్నానుగా."

తెర మీద రెండు దెబ్బలు పడ్డాయి. మూడోదాని కోసం ఊపిరి బిగబట్టి చూసింది. గీత కదల్లేదు.

వెనక నుంచి, ఆమె భుజం మీద, మెల్లగా... ఒకటి.