ఊడిన జుట్టుతో పేనిన తాడు

అమావాస్య... అసురసంధ్య! స్టీలు ప్లాంటులో కరిగిన లోహపు కిట్టం పారబోసినప్పుడల్లా భిలాయ్ ఆకాశం నెత్తుటిముద్దలా ఎర్రబడుతోంది. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మూతబడ్డ ఫౌండ్రీ రేకుల మీద గుడ్లగూబ కూసింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము!

షెడ్డు లోపల సత్యలక్ష్మి నాలుగు నెలల పాపను గుండెకు అదుముకుని గోడకు ఒదిగి కూచుంది.

కాన్పయిన మూడో నెల నుంచి దువ్వెన పెడితే చాలు, జుట్టు గుప్పెళ్ళకొద్దీ ఊడొస్తోంది. పాపిడి దగ్గర నెత్తి కనబడుతోంది. "ఇది సిల్లంగే! ఎవలో నీ మీద సేతబడి సేయించీసినారే!" అని అత్త అప్పలనర్సమ్మ తేల్చేసింది. స్టీలు గిన్నెలవాడికి ఇద్దామని గోడసందులో దోపిన చిక్కుజుట్టంతా మూటగట్టి, తాయెత్తు కట్టించడానికి రిసాలి క్వార్టర్ నుంచి కోడల్ని ఆటోలో ఈ షెడ్డుకు లాక్కొచ్చింది. ఎంత ఘోరమైన పొరపాటు! ఇంటి ఆడదాని జుట్టును తన చేతులతోనే ఆ దుర్మార్గపు మాంత్రికుడికి అప్పగించింది...

కపాలనాథుడు! నుదుట చితాభస్మం, కళ్ళలో నిప్పుకణికలు. ముందు కుంకుమ మెత్తిన మనిషి పుర్రె. దాని చుట్టూ కొండచిలువలా నల్లటి తాడు... తాడు కాదు! బెదిరిపోయి వాడి గడప తొక్కిన ఆడవాళ్ళందరి ఊడిన జుట్టు! అది ఊపిరి పీలుస్తోంది!

సత్యలక్ష్మి జుట్టును తాడు కొసకు పేనాడు వాడు. "హ్రాం! హ్రీం! నీ నెత్తిన పిశాచి కూచుంది. దానికి నీ బిడ్డ పుట్టువెంట్రుకలు కావాలి... వాటితో పాటు ప్రాణం కూడా!"

"బాబో! పేణమేటి బాబూ? తాయెత్తు కడతానన్నావు కదా!"

అప్పలనర్సమ్మ కేకేసింది. తాడు పాములా లేచి ఆమె ముంజేతిని చుట్టింది. కనుగుడ్లు తిరగబడ్డాయి. మగగొంతుతో గర్జించింది. "బిడ్డనియ్యి... ఇయ్యే!" గోళ్ళు చాచి కోడలి మీదికొస్తోంది!

"అత్తా! ఛోడో... వదులత్తా!"

పారిపోదామంటే వెనక గోడ. ఆ ప్రాణభయంలో, పొద్దున్న పక్క క్వార్టర్ నర్సు ఇంద్రజ దీదీ పెట్టిన చీవాట్లు చెవుల్లో మోగాయి. "కాన్పయ్యాక హార్మోన్లు పడిపోతాయి, జుట్టు ఊడుతుంది. ఏడాదిలోపు చాలామందికి మళ్ళీ వస్తుంది. పైగా పత్యమని మీ అత్త కారప్పొడన్నమే పెడుతోంది, ఒంట్లో నెత్తురేదీ? రక్తం, థైరాయిడ్ చూపించుకో. ఐరన్ తక్కువైతే డాక్టరు మాత్రలిస్తారు. పప్పు, గుడ్డు, ఆకుకూర తిను. జడ బిగించి అల్లకు."

సత్యలక్ష్మి గొంతు చించుకుంది. "నా జుట్టు కాన్పుకి ఊడిందిరా! నెత్తురు లేక ఊడింది! నీ పిశాచికి ఇందులో పనేం లేదు!"

తాడులో ఒక పాయ టప్పున తెగింది! అత్త అడుగు ఆగింది.

కపాలనాథుడి మొహం పాలిపోయింది. "నోర్ముయ్! భయపడు... భయపడవే!"

ఓహో! ఇన్నాళ్ళూ వీడి మంత్రం ఇదన్నమాట. ఆడవాళ్ళ భయం!

"అక్కల్లారా!" ఆమె తాడుకేసి అరిచింది. "ఒకరికి టైఫాయిడ్‌కి ఊడుంటుంది, ఒకరికి థైరాయిడ్‌కి, ఒకరికి తలలో తామరకి, ఒకరికి దిగులుకి! డాక్టరుంది, మందులున్నాయి! మీకెవరూ చేతబడి చెయ్యలేదు... ఈ వెధవ అబద్ధమాడాడు!"

వందల కంఠాల ఆక్రోశం ఒక్కసారిగా షెడ్డును కుదిపేసింది! తాడు విచ్చుకుని అప్పలనర్సమ్మ చేతిని వదిలేసింది, ఆమె నేల మీద కూలింది. లక్షల వెంట్రుకలు నల్లటి వరదలా వాడి మీద పడ్డాయి. మెడకు బిగుసుకున్నాయి, ముక్కుల్లోకి దూరాయి. మంత్రం చదవబోతే నోరంతా జుట్టే! "ఆఁ...ఆఁ...!" పుర్రె పెటిల్లున పగిలింది. ఇంకో ఉరుము ఉరిమి ఆగేసరికి అక్కడ జుట్టుకుప్ప ఒక్కటే ఉంది. దాని కింద కదలిక లేదు.

అప్పలనర్సమ్మ నేల మీంచి లేచింది. "ఏటయిందే నాకు? పాపనిలా తే..." చేతులు చాచింది.

సత్యలక్ష్మి ఓ అడుగు వెనక్కి వేసింది. బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకుంది.

"ముందు నువ్వు నడు అత్తా. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంకా ఉంటుంది, చూపించుకుందాం."