మిద్దె మీద రెండో ఊపిరి

ట్యునీషియాలో, స్ఫాక్స్ ఊళ్లో, మన్నూబియా ఇంటి మిద్దె మీద బట్టలుతికే గది ఉంది చూశారూ... పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటాక దాని గడప ఎవరూ తొక్కరు. వెనకటికి ఒక కొత్త కోడలు చీకట్లో, బిస్మిల్లా అనకుండా, మరిగే నీళ్లు ఆ తూములో గుమ్మరించిందట. కింద ఉన్నవాళ్లకు ఒళ్లు కాలిందట. తూముల్లో ఉండేది జిన్నులేగా! తెల్లారేసరికి ఆ కోడలుపిల్ల మూతి వంకర పోయింది.

అలాంటి గదిలోకి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఇప్పటి కోడలు నజీహా ఒంటరిగా వెళ్లేది. ఏం చేస్తుంది పాపం! రొమ్ములో క్యాన్సరు. ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకరు, "ఆ జబ్బు" అంటారంతే. మూడు కీమోలకే జుట్టంతా రాలింది. నాలుగోదానికి ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి, భయపడి వెనక్కొచ్చేసింది. గురువారం మళ్లీ రమ్మన్నారు. ఈసారి తప్పితే కష్టమన్నారు.

అందుకే ఫోనులో ఆ ధ్యానం క్లాసు పట్టుకుంది — అందులో అందరూ ఆ జబ్బువాళ్లే. ట్యూనిస్ నుంచి ఒక డాక్టరమ్మ ఊపిరి మీద మనసు నిలపడం నేర్పుతుంది. రోజంతటిలో నజీహాకు కాస్త ధైర్యంగా ఉండేది ఆ గంటే. కానీ ఇంటర్నెట్ అందేది ఆ పాడు గదిలోనే!

అత్త మన్నూబియా ఊరుకుంటుందా? "ఊపిరి పీల్చడం కూడా ఫోనులో నేర్చుకోవాలటే?"

"మీరు మా రక్తం పీలుస్తున్నారుగా అత్తమ్మా, అది మీకెవరు నేర్పారు?" అనేసి మెట్లెక్కేది కోడలు.

ఆ మంగళవారం గదిలో బల్బు మాడిపోయింది. ఆరేసిన దుప్పట్ల ముందు చాప పరుచుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, నజీహా కళ్లు మూసుకుంది.

"లోపలికి పీల్చండి..." అంది డాక్టరమ్మ.

నజీహా పీల్చింది.

ఇంకెవరో కూడా... పీల్చారు.

ఫోనులోనేమో అనుకుంది. కాదు, క్లాసులో మిగతావాళ్ల మైకులన్నీ ఆపే ఉంటాయి. ఊపిరి బిగబట్టింది. అదీ బిగబట్టింది. వదిలింది — తూము వైపు నుంచి, దుప్పటి వెనక, బుస్సుమని అదీ వదిలింది!

పై ప్రాణాలు పైనే పోయాయి. ఖురాను ఆయత్ చదువుదామంటే ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"బాధ ఉన్నచోట చెయ్యి వేసుకోండి..."

దుప్పటి వెనక బట్ట గరగరలాడింది. ఆ తర్వాత ఏడుపు... నోరు నొక్కుకుని ఏడుస్తున్న ఏడుపు.

ఇక చాలు! ఈ క్లాసూ వద్దు, గురువారమూ వద్దు, చచ్చినా ఈ మెట్లెక్కను అనుకుని నజీహా ఫోను ఆపబోయింది.

"ఆపకే..." గుసగుసగా వినిపించింది. "ఇంకాసేపు... ఆపకే."

ఎరిగిన గొంతే! దుప్పటి లాగి, ఫోను వెలుగు పట్టింది. బోర్లించిన బకెట్ మీద అత్త. కుడిచెయ్యి గౌను మెడలోంచి లోపలికి పెట్టుకుని కూర్చుంది.

"అత్తమ్మా! ప్రాణం తీశారు కదా! ఇక్కడేం చేస్తున్నారు?"

"అరవకే, నీ మొగుడు లేస్తాడు. ఇన్నాళ్లూ మెట్ల మీద నిలబడి విన్నా. ఇవాళ మోకాళ్లు ఆగలేదు, ముందే వచ్చి కూర్చున్నా."

అంటూనే కోడలి చెయ్యి పట్టుకుని తన చంక కిందికి లాక్కుంది. వేళ్లకు తగిలింది... గట్టిగా, కదలకుండా. జిన్ను అనుకున్నప్పుడు కూడా నజీహా అంతగా వణకలేదు.

"ఎన్నాళ్లయింది?"

"రంజాను నుంచి. ఎవరికీ చెప్పకు. భయమేస్తోందే నజీహా... నీకూ మొదట్లో ఇలాగే ఉండేదా?"

ఇలాగే ఉండేది. ఇప్పటికీ ఉంది.

"గురువారం పొద్దున ఏడింటికి ఆసుపత్రికి బస్సు," అంది నజీహా. "నేను వెళ్తున్నాను. మీరూ వస్తున్నారు."