అడగకుండా గీసిన దారి

శనివారం ఉదయం తొమ్మిదైంది. నీమ్ పట్టణంలో ఓ మూడో అంతస్తు వంటింట్లో, బల్ల నిండా దక్షిణాది రోడ్ల పటం పరుచుకుని ఉంది. అది చుట్టుకుపోకుండా ఒక మూల కాఫీ కప్పు, ఒక మూల జామ్ సీసా పెట్టి, మిగిలిన రెండు మూలల మీద మోచేతులు ఆనించి ఫ్లావీ దానిలోకి వంగి చూస్తోంది. పెళ్లికి ఇంకా ఐదు వారాలుంది. పెళ్లైన మర్నాడే హనీమూన్ ప్రయాణం. పెళ్లికొడుకు గిలెమ్ ఎర్ర పెన్సిల్‌తో గీసిన దారి కొండల్లో మొదలై, లావెండర్ పీఠభూమి మీద మెలికలు తిరిగి, సముద్రం పక్కన ఉప్పు బీళ్ల దగ్గర ఆగింది.

“మొదటి మజిలీ కొండ మీద పల్లెటూరా? అక్కడ మంచి కాఫీ అయినా దొరుకుతుందా?”

“కాఫీ దొరకదు. నేను దొరుకుతాను, చాలదా?” అన్నాడు గిలెమ్ రొట్టెకి వెన్న రాస్తూ.

“నువ్వు రోజూ దొరుకుతూనే ఉన్నావుగా. అందుకే అడిగాను.”

అతను నవ్వి, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, సంచీ పట్టుకుని సంతకి బయల్దేరాడు. గిలెమ్ బడిలో పిల్లలకు భూగోళం చెప్పే మాస్టారు. పటం, దారి, బస అన్నీ తనే చూసుకుంటానని ముందే చెప్పేశాడు. ఫ్లావీ కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఆమె కోరింది ఒక్కటే, వేసవి.

ఆ కోరిక వెనక పెద్ద కథే ఉంది. ఫ్లావీ అమ్మానాన్నలు సముద్రపు ఒడ్డున సెలవులకు వచ్చేవాళ్లకి గుడారాలు వేసుకునే చోటు అద్దెకిస్తారు. ఎనిమిదేళ్ల వయసు నుంచీ ఆమెకు ఆగస్టంటే స్నానాల గదులు కడగడం, తాళంచెవులు పంచడం, పరాయి పిల్లల ఏడుపులు ఊరుకోబెట్టడం. సముద్రం వంద అడుగుల్లో ఉన్నా సాయంత్రం ఆరయ్యేదాకా అందులో కాలు పెట్టే తీరిక లేదు. అందుకే గిలెమ్ పరిచయమైన మొదటి నెలలోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. “ఇంటి వ్యాపారం ఉన్నవాణ్ణి చచ్చినా చేసుకోను. అది వేసవినంతా మింగేస్తుంది.” దానికి గిలెమ్ “తేనెటీగల పెట్టెలు మా నాన్నవి. నాది బడి. ఏటా రెండు నెలల సెలవు,” అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆమె మనసిచ్చింది.

గిలెమ్ వెళ్లాక ఆమెకు చిన్న సరదా పుట్టింది. లావెండర్ పొలాల వైపు కిటికీ ఉన్న గది అడిగి అతన్ని ఆశ్చర్యపరచాలనుకుంది. అతని పుస్తకంలో నంబరు వెతికి పీఠభూమి మీద వాళ్లు దిగబోయే రైతు ఇంటికి ఫోన్ చేసింది. ఇంటావిడ మదాం ఎస్తెవ్ గొంతు ఫోన్ అవసరం లేకుండానే వినిపించేలా ఉంది.

“మన మార్సియల్ గారబ్బాయి గిలెమా! నువ్వేనా అమ్మా పెళ్లికూతురివి? కిటికీ ఉన్న గదే ఇస్తాను. కానీ పొద్దుటి పూట తెరవకేం.”

“ఎందుకండీ?”

“మీ మామగారి పెట్టెలు ఆ గోడ అవతలేగా. మీ ఆయన వాటికి తేనె నిండే పై అరలు ఎక్కిస్తుంటే తేనెటీగలు చికాకు పడి లోపలికొచ్చేస్తాయి. ఎనభై పెట్టెలాయె! మూడు పొద్దుల్లో ముగిస్తానన్నాడు. అందుకేగా మూడు రోజులు ఉంటున్నారు. చెప్పలేదూ?”

“చెప్పాడండీ. నేనే మర్చిపోయాను,” అంది ఫ్లావీ.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. పెళ్లి కాకముందే మొగుడి పరువు కాపాడే పని మొదలైపోయింది. వెంటనే కొండ మీది ఇంటికి కూడా ఫోన్ చేసింది. అక్కడి పెద్దాయన “కారులో వస్తారా, పెట్టెల ట్రక్కులోనా?” అని అడిగాడు. ఉప్పు బీళ్ల దగ్గరి ఆవిడైతే “పెళ్లికూతురికి కూడా ఒక ముసుగు తెమ్మను, మా వైపు తేనెటీగలు మర్యాద తెలియనివి,” అని నవ్వింది. ఫ్లావీ ఫోన్ పెట్టేసి పటం వైపు చూసింది. అందులో ఇప్పుడామెకు పొలాలు, సముద్రం కనబడలేదు. మూడు తేనెపెట్టెల గుంపులు, వాటిని కలుపుతూ ఒక గీత కనబడ్డాయి.

గిలెమ్ స్ట్రాబెర్రీలు పట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆమె మొహం చూసి ఈల ఆపేశాడు.

“మదాం ఎస్తెవ్ కిటికీ తెరవొద్దంది,” అంది ఫ్లావీ.

అతను సంచీ బల్ల మీద పెట్టాడు. అబద్ధం వెతుక్కునే మనిషి కాదు పాపం, దొరకనూ లేదు. “నువ్వు లేచేలోపే అయిపోతుంది ఫ్లావీ. పొద్దున్నే రెండు గంటలు, అంతే. రోజంతా మనదే.”

“నేను లేచేలోపు! అంటే నాకు తెలియకుండానే కానిచ్చేద్దామనుకున్నావు. లావెండర్ పూల మధ్య నిద్రలేపుతానన్నావే, నేనెంత పిచ్చిదాన్ని! నా హనీమూన్ మీ నాన్న పనికి అడ్డం పెట్టుకున్నావా?”

“అలా అనకు.”

“ఈ ఒక్క ఏడాదేనా?”

గిలెమ్ సంచీలోంచి స్ట్రాబెర్రీలు తీసి ఒక్కొక్కటే గిన్నెలో వేయసాగాడు. రెండు గంటల పని సంగతి ఎలాగోలా సర్దుకునేదే. ఆ మౌనం మాత్రం ఆమె ముందున్న వేసవులన్నిటినీ ఒక్కసారిగా లాక్కుపోయింది.

“నీకు చెప్పాలనే ఉంది. కానీ నాన్నకి మాటిచ్చాను. ఆయన చెప్పనిదే నేను నోరు విప్పలేను,” అన్నాడు చివరికి.

“బాగుంది. ఆయనకిచ్చింది మాట, నాకిచ్చింది గాలి. రేపు భోజనానికి మీవాళ్లింటికే వెళ్తున్నాంగా, ఆయన్నే అడుగుతాను.”

ఆదివారం మధ్యాహ్నం గిలెమ్ అమ్మానాన్నల ఇంటి పెరట్లో, మల్బరీ చెట్టు నీడలో బల్ల వేశారు. గిలెమ్ తల్లి జోసియాన్ ఉడికించిన చేప, కూరగాయలు, గిన్నె నిండా అయోలీ అనే వెల్లుల్లి పచ్చడి తెచ్చి పెట్టింది. తండ్రి మార్సియల్ బల్ల కొసన కూర్చుని రొట్టె కోస్తున్నాడు. అరవై ఏడేళ్ల మనిషి, చెట్టుమొద్దు లాంటి భుజాలు. ఆయన గొంతుకి ఊళ్లో సగం కుక్కలు తోకలు ముడుస్తాయి.

“ఏంటి, పెళ్లికూతురు మూతి ముడుచుకుని కూర్చుంది? మావాడేమైనా తిన్నగా లేడా?” అన్నాడు.

ఫ్లావీ సంచీలోంచి పటం తీసి, అయోలీ గిన్నె పక్కకి జరిపి, ఆయన ముందు పరిచింది. “మామయ్యా, ఇది ఎవరి హనీమూన్?”

జోసియాన్ కళ్లద్దాలు పెట్టుకుని పటం మీదకి వంగింది. ఎర్ర గీత వెంట వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా జరిపింది.

“అన్నీ మన పెట్టెలున్న చోట్లేగా. మార్సియల్, ఈసారి కూడా నువ్వే వెళ్తానన్నావు. పిల్లల పెళ్లి ప్రయాణంలో పెట్టెలేంటి?”

“వాడే వెళ్తానన్నాడు.”

“నాన్నా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?” అన్నాడు గిలెమ్.

మార్సియల్ రొట్టె కోసే కత్తి కింద పెట్టాడు. చొక్కా జేబులోంచి లావుపాటి పెన్నులాంటిది తీసి బల్ల మీద ఉంచాడు. తొడలో గుచ్చుకునే ఇంజెక్షన్ అది. “తేనెటీగ విషం నాకు పడటం లేదు. నలభై ఐదేళ్లు కుట్టించుకున్నా ఏం కాలేదు. మొన్న సెప్టెంబర్‌లో మెడ మీద ఒక్కటి కుట్టింది, ఊపిరి ఆగిపోయింది. వీడు పక్కన లేకపోతే అక్కడే పోయేవాణ్ణి. ఇంకోసారి కుడితే చెప్పలేమన్నాడు డాక్టరు.”

“సెప్టెంబర్‌లో నీకు వడదెబ్బ తగిలిందన్నారు.” జోసియాన్ గొంతు చాలా మెల్లగా వచ్చింది. “ఇద్దరూ నా ఎదురుగా నిలబడి అన్నారు. నేను నిమ్మరసం కలిపిచ్చాను. నువ్వు తాగావు కూడా.”

“నీకు చెబితే మీ చెల్లెలికి చెబుతావు. ఆవిడకి చెబితే ఇక సంతలో దండోరా అక్కర్లేదు. నా పని అయిపోయిందని తెలిస్తే పెట్టెలు పెట్టుకునే ఆ చోట్లన్నీ వేరేవాళ్లు తన్నుకుపోతారు. మా నాన్న కాలం నుంచీ నోటిమాట మీద నిలిచిన చోట్లు జోసియాన్!”

“నువ్వు పోతే నేనేమవ్వాలో ఆ నోటిమాటలో ఉందా?” అని ఆమె మొహం తిప్పేసుకుంది.

ఫ్లావీ అప్పటికే వేరే లెక్కలో ఉంది. సెప్టెంబర్. గిలెమ్ ఆమెను పెళ్లి చేసుకుంటావా అని అడిగింది క్రిస్మస్‌కి.

“అప్పటికే మీ నాన్నకి మాటిచ్చేశావు,” అంది అతని వైపు తిరిగి. “మూడు నెలల ముందే. ఇక మీదట పెట్టెలు నువ్వే చూసుకుంటానని. ఆ తర్వాతే నా దగ్గర మోకాలి మీద కూర్చున్నావు.”

“నాన్న ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు ఫ్లావీ! కాదని ఎలా అంటాను? నీకు చెబితే వెళ్లిపోతావని భయమేసింది.”

“వెళ్లాలో ఉండాలో తేల్చుకోవాల్సింది నేను. అది కూడా నువ్వే తేల్చేశావు.” ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవకూడదనుకుంది కానీ కుదరలేదు. సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

“కూర్చో తల్లీ,” అంది జోసియాన్. “వెళ్తే వెళ్దువుగాని, నేను ఆపను. ఈ ఒక్క మాట విని వెళ్లు. ఈ దారిలో నేను కూడా వెళ్లాను. ఎనభై నాలుగులో. అది నా హనీమూన్.”

మార్సియల్ చటుక్కున తలెత్తాడు.

“అవే ఇళ్లు. అప్పుడు మదాం ఎస్తెవ్ అత్తగారుండేది. దేశం చూపిస్తానని తీసుకెళ్లాడు ఈయన. పొద్దున్నే లేస్తే పక్క ఖాళీ. అలా నడిచొచ్చానని చెప్పేవాడు. ఒంటి నిండా పొగ కంపు! తేనెటీగలకి పొగ పెట్టే డబ్బా పట్టుకుని వాహ్యాళికి వెళ్లేవాణ్ణి ఎక్కడైనా చూశావా? మూడో రోజుకి నాకు అర్థమైపోయింది.”

“తెలుసా నీకు? ఇన్నేళ్లూ ఒక్కమాటైనా అనలేదే!”

“కొత్త పెళ్లికూతుర్ని, ఏమంటాను? స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికొచ్చి నీకు కాఫీ పోశాను. ఆ రోజు అనాల్సింది మార్సియల్. అని ఉంటే నువ్వు మారేవాడివో ఏమో. కనీసం నీ కొడుకు నీ దగ్గర ఇది నేర్చుకునేవాడు కాదు.”

గిలెమ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మార్సియల్ భార్యనే చూస్తున్నాడు, కొత్తగా ఎవరో ఇంటికొచ్చినట్టు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో ఫ్లావీకి తోచలేదు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపం పోలేదు గానీ, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది.

“పక్క ఊళ్లో ఆ కుర్రజంట ఉన్నారుగా, పెట్టెలు ఉన్నాయి గానీ పూల చోట్లు లేవని తిరుగుతున్నారు,” అన్నాడాయన పటం మడిచేస్తూ. “మన పెట్టెలు వాళ్లకి ఇచ్చేస్తాను. చోట్లతో సహా. రేపే పిలుస్తాను.”

“నాన్నా...”

“నోర్ముయ్. నీకు ముసుగు తొడిగింది నేనే, తీస్తోంది కూడా నేనే. వెళ్లి పిల్లలకి నదుల పేర్లు చెప్పుకో.” తర్వాత ఫ్లావీ వైపు తిరిగాడు. “వాడు నిన్ను మోసం చేశాడు, నిజమే. చేయించింది నేను. ఎలా క్షమించమనాలో కూడా నాకు చేతకాదమ్మా.”

జోసియాన్ మొహం తుడుచుకుంది. “క్షమాపణలు తర్వాత. ముందు డాక్టరు దగ్గరికి పద, ఈసారి నేను కూడా వస్తాను. ఆగస్టులో నన్ను సముద్రానికి తీసుకెళ్తున్నావు. ఒక్క తేనెపెట్టె కూడా లేని చోటికి.”

“నీ ఇష్టం.”

“నా ఇష్టమే. నలభై ఏళ్లు ఆలస్యంగా.”

చేప చల్లారిపోయింది. అయినా అందరూ తిన్నారు, ఏదో ఒకటి చేయాలి కాబట్టి. తిన్నాక గిలెమ్ ఫ్లావీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి పట్టుకునే ధైర్యం చేయలేదు.

“నాకు తెలియనిది ఇంకేమైనా ఉందా?” అని అడిగింది ఆమె.

“లేదు. ఒట్టు.”

“ఈ మాట నమ్మడానికి నాకు కొంతకాలం పడుతుంది. రోజూ కాస్త కాస్త నమ్ముతాను. ఇకమీదట నాకు నచ్చనిదైతే మరీ ముందుగా చెప్పాలి.”

“చెబుతాను.”

“పెళ్లి ఆగదు. దారి మాత్రం ఈసారి ఇద్దరం కలిసి గీద్దాం.”

గిలెమ్ తలూపాడు. అతని కళ్లు నిండాయి. ఇద్దరూ కారు ఎక్కబోతుంటే మార్సియల్ పెరటి గేటు దాకా వచ్చాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ కాసేపు నేల చూశాడు. ఆయన ఇంట్లో చెప్పే మనిషే గానీ, అడిగే మనిషి కాదు. అది ఆయనకు అలవాటు లేని పని.

“ఫ్లావీ, నిన్నొకటి అడగొచ్చా? కాదంటే కాదను, ఏమీ అనుకోను.”

“అడగండి మామయ్యా.”

“జూన్ చివర్లో ఆ కొండ మీద చెస్ట్‌నట్ చెట్లు పూస్తాయి. కొండంతా తెల్లబడిపోతుంది. నేనిక ఆ చాయలకి వెళ్లకూడదు. మీరు అటు వెళ్తేనే సుమా, లేకపోతే లేదు. పెట్టెల జోలికి పోవద్దు, కారు కూడా దిగొద్దు. ఈ ఏడు పూత ఎలా వచ్చిందో రోడ్డు మీంచే చూసి...” ఆయన టోపీ అంచు మళ్లీ నలిపాడు. “నాకు ఫోన్ చేసి చెబుతావా?”

ఫ్లావీ ఆయన చేతులు రెండూ పట్టుకుంది. నిన్నటి నుంచీ ఆమెకు వచ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

“దిగి చూస్తాను మామయ్యా. బాగా దగ్గరికెళ్లి చూసి చెబుతాను,” అంది.