కర్టెన్ వెనక ఎవరు?

"ఏవండీ! ఆపండి! ఆపండీ!"

కండక్టరమ్మ పరిగెడుతోంది.

పెట్రోల్ బంకు దాటి రోడ్డెక్కేసింది క్యాంపర్ వ్యాన్. వెనక ఎర్ర లైట్లు చిన్నవైపోతున్నాయి. అప్పుడే చీకటి పడింది. రోడ్డు నిండా రాలిన ఆకులు... పొద్దుటి వానకి నాని జారుతున్నాయి.

కాలు జారింది. మోకాళ్ళ మీద పడింది.

లైట్లు మలుపు తిరిగాయి. అంతే!

వదిలేసి వెళ్ళిపోయాడు! కట్టుకున్న మొగుడు!

ఆయన బస్సు డ్రైవరు. ఆమె అదే బస్సులో కండక్టరు. పెళ్ళికి ముందు నుంచీ ఇద్దరికీ ఒకటే లెక్క. రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి. రెండు కొడితే కదలాలి. రిటైరయ్యాక ఈ వ్యాన్ కొన్నారు. ఆకులు పచ్చగా ఉండగా బయల్దేరి, ఊళ్ళన్నీ చుట్టి, అవి రాలుతుండగా ఇంటికి పోతున్నారు. అయినా అదే అలవాటు. ముందు స్టీరింగు దగ్గర ఆయన. వెనక పరుపు మీద ఆమె. మధ్యలో కర్టెన్. రెండు దెబ్బలు వినపడందే ఆయన బండి తీయడు.

మరి ఎవరు కొట్టారు?

బంకు బాత్రూమ్‌లో ఉండగా ఆమెకీ వినపడింది... ధన్! ధన్!

వ్యాన్ వెనక తలుపు ఒక్కసారికి పడదు. రెండుసార్లు లాగాలి. ఎవడో ఎక్కి, రెండుసార్లు లాగాడు!

పొద్దున్నుంచీ ఆయనతో మాటల్లేవు. దారిలోనే ఉన్న చెల్లెలింటికి వెళ్దామంటే వినిపించుకోకుండా బండి పోనిచ్చాడు. ఆ మంటతో కర్టెన్ లాక్కుని పడుకుంది. ఇక్కడ దిగేటప్పుడూ చెప్పలేదు. చెప్తే తను తగ్గినట్టు!

బంకు ఆఫీసులోకి దూసుకెళ్ళింది.

క్యాషియర్ కుర్చీలో లేడు. కుర్చీ కింద ఉన్నాడు. చొక్కా ముందంతా ఎర్రగా తడిసి ఉంది.

అంతకు ముందు ఏదో పేలినట్టయితే లారీ టైరనుకుంది. టైరు కాదు!

"అమ్మా... మీ వ్యాన్‌లోకి... దూరాడు..."

"ఎవడు నాయనా?"

"సోమవారం కోర్టులో... వాడి మీద సాక్ష్యం చెప్తానన్నాను... అందుకే..."

నోట్లోంచి రక్తం బుడగ వచ్చింది. పగిలింది. ఇంకో మాట రాలేదు.

అతని ఫోనే తీసుకుంది. వేళ్ళకి అంటిన రక్తంతోనే నంబర్లు నొక్కింది. పోలీసులు కొండ అవతల నుంచి రావాలట. అక్కడే ఉండమన్నారు.

ఆయనకి చేసింది. మోగుతోంది... మోగుతూనే ఉంది. స్టీరింగు పట్టుకున్న చేత్తో ఫోను ముట్టడు. సర్వీసంతా అంతే. ప్రాణం మీదికొచ్చినా అంతే!

బయట బ్రేకులు కీచుమన్నాయి.

క్రేన్ లారీ. దారిలో చెడిపోయిన బండ్లని లాక్కెళ్ళేది. భారీ మనిషి ఒకడు దిగాడు. అద్దంలోంచి క్యాషియర్ శవాన్ని చూశాడు. కేక పెట్టలేదు.

"ఎటు పోయాడమ్మా?"

"మా వ్యాన్‌లో! ముందు మా ఆయన... వెనక వాడు! తెల్ల వ్యాను బాబూ, నీలం గీత!"

"ఎక్కు పెద్దమ్మా!"

దేవుడిలా వచ్చాడనుకుంది.

లారీ ఎగురుతోంది. చెట్లు మీదకొచ్చి పడుతున్నాయి. ఆకులు అద్దానికి కొట్టుకుని చిరుగుతున్నాయి.

"పోలీసులకి చెప్పావా?"

"చెప్పాను."

క్రేన్ మనిషి పళ్ళు నూరాడు. యాక్సిలరేటర్ ఇంకా తొక్కాడు.

"అదిగో! అదే!"

నీలం గీత. నింపాదిగా పోతోంది. ఆయనెప్పుడూ ఇంతే, పెళ్ళిబండి తోలినట్టు తోలతాడు!

"పక్కకి పోనీ బాబూ. బాగా పక్కకి!"

రెండు కిటికీలూ పక్కపక్కకి వచ్చాయి.

వ్యాన్‌లో ఆయన తల కాస్త వెనక్కి వాల్చి మాట్లాడుతున్నాడు. కర్టెన్‌తో. బతిమాలుతున్నాడు. చెయ్యి తిప్పుతున్నాడు. నవ్వుతున్నాడు కూడా.

ఇటు తిరిగాడు.

లారీ కిటికీలో పెళ్ళాం మొహం!

ఆయన నోరు తెరుచుకునే ఉంది. ఆమెని చూశాడు... అద్దంలో కర్టెన్‌ని చూశాడు... మళ్ళీ ఆమెని చూశాడు.

కర్టెన్ కదిలింది!

కండక్టరమ్మ చెయ్యి బయటికి చాచి లారీ తలుపు మీద చరిచింది.

ధన్!

ఒకటే.

ఆయన కాలు ఆలోచించలేదు. బ్రేకు తొక్కేసింది.

ఆకుల మీద వ్యాన్ గిర్రున తిరిగింది. పక్కనున్న చెట్టుని ఢీకొట్టింది. అద్దం భళ్ళున పగిలింది.

లారీ పూర్తిగా ఆగకముందే ఆమె దూకింది. తలుపు లాగింది.

కర్టెన్‌తో సహా ముందుకొచ్చి పడ్డాడు వాడు. నుదురు చీలి ఎముక కనపడుతోంది. చేతిలో తుపాకీ. ఆ చేతిని డ్రైవరు రెండు చేతులా పట్టుకుని, మణికట్టు కొరుకుతున్నాడు. వాడు మోచేత్తో ఆయన మూతి మీద గుద్దాడు. పళ్ళు రాలాయి. ఆయన వదల్లేదు!

తుపాకీ జారింది. ఆమె అందుకుంది. వెనక్కి దూకి గురిపెట్టింది.

"దిగు! దిగరా కిందికి!"

ఎంతోమందిని బస్సులోంచి దించిన గొంతు అది. వాడు పాక్కుంటూ దిగి ఆకుల్లో పడ్డాడు.

వెనకే డ్రైవరు తూలుతూ దిగాడు. గడ్డం మీదుగా రక్తం కారుతోంది.

"ఏమే... ఇంతసేపూ నేను సారీ చెప్పింది ఈ వెధవకా!"

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ పూర్తికాలేదు.

దబ్!

ఆయన భుజం మీద జాకీ రాడ్డు పడింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆయన కుప్పకూలాడు.

వెనక క్రేన్ మనిషి.

"లే తమ్ముడూ!" అన్నాడు కింద పడ్డవాడితో. "తీసుకెళ్ళడానికి వస్తున్నానని చెప్పానా లేదా? కాసేపు ఆగలేవూ? ఎవరి బండి కనపడితే దాంట్లో దూరడమేనా!"

కండక్టరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

దేవుడు కాదు... వీడి అన్న!

"తుపాకీ ఇటియ్యి పెద్దమ్మా. లేదంటే ఈసారి తల మీద వేస్తా."

రాడ్డు పైకి లేచింది.

ధడ్!

క్రేన్ మనిషి తన పొట్ట వైపు చూసుకున్నాడు. ఆశ్చర్యపోయినట్టు. రాడ్డు జారింది. మోకాళ్ళ మీద కూలి, మొహం ఆకుల్లో పెట్టాడు. మళ్ళీ ఎత్తలేదు.

దూరంగా కొండ మీద సైరన్. సన్నగా.

తమ్ముడు అన్నని చూశాడు. ఆమెని చూశాడు. రెండు చేతులూ నెమ్మదిగా పైకెత్తాడు.

"ఇక చాలు. నేను లొంగిపోతా. కానీ నువ్వు ఏమీ చూడలేదని చెప్పాలి. క్యాషియర్ ఏమీ అనలేదని చెప్పాలి."

"ఎందుకు చెప్పాలి?"

వాడు నవ్వాడు. పళ్ళ నిండా రక్తం.

"నీలం గేటు ఇల్లు కదా మీది? పక్కనే స్కూలు. రేపు మీ అమ్మాయి వస్తోందట, మనవరాల్ని తీసుకుని. మెట్ల దగ్గర బల్బు పోయిందట, వెళ్ళగానే వేయిస్తాడట నీ మొగుడు. పాపం, అన్నీ చెప్పాడు!"

ఆమె డ్రైవరు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"నువ్వే అనుకున్నానే..."

"నన్ను జైల్లో పెడితే మా వాళ్ళు బయటుంటారు," అన్నాడు వాడు. "ఆలోచించుకో. నువ్వు కాల్చవులే. చెయ్యి చూడు, ఎలా వణుకుతోందో!"

వణుకుతోంది. నిజమే.

రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

వణుకు ఆగింది.

"ఏవండీ," అంది.

పొద్దున్నుంచీ కోపంతో రగులుతున్న గొంతు, ఇప్పుడు చల్లగా ఉంది.

"ఏమే... వద్దే!"

"మీరు కళ్ళు మూసుకోండి."

ధడ్!!