మొగుళ్లపల్లిలో బందైన పాలసీలు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, ముసురు పట్టిన ఒక సాయంత్రం, జనగామ నుంచి బీమా ఏజెంటు జగపతి మొగుళ్లపల్లిలో బస్సు దిగాడు. జీవితాంతం కట్టే పాలసీలు తీసుకున్నవాళ్లలో ఎంతమంది మధ్యలో ఆపేశారో, ఎందుకు ఆపేశారో ఇల్లిల్లూ తిరిగి రాసుకు రమ్మని ఆఫీసువాళ్లు పంపారు. రాసేదేముంది! కారణం అన్నచోట అందరికీ "నిర్లక్ష్యం" అని బస్సులోనే రాసేసుకున్నాడు మహానుభావుడు.

అసలు కారణం ఆయనకు తెలియనిదా? ఆ పాలసీలన్నీ అంటగట్టింది ఆయనే. పక్కూరి అల్లుడని మొహమాటపడి అందరూ వేలిముద్ర వేశారు. పల్లెకు పోస్టు సరిగా రాదని, ఫారాల్లో అందరి చిరునామా తన ఇంటిదే రాశాడు. "కట్టుమని చిట్టీ వస్తది, నేనే తెచ్చిస్త. గప్పుడు కట్టుండ్రి" అన్నాడు. మొదటి ఏడాది కమీషన్ బాగా ముట్టింది. తర్వాత వచ్చే చిల్లర కమీషన్ కోసం ఇంతదూరం ఎవడొస్తాడు? చిట్టీలన్నీ ఆయన పొయ్యిలోకి పోయాయి. పాలసీలు బందయ్యాయి. చిట్టీ కోసం ఎదురుచూస్తూనే, బండిచక్రాలు చేసే జానీమియా పోయినేడు చచ్చిపోయాడు. "మీ ఆయనకే ఫికర్ లేకుండె" అని అతని భార్య ఖమర్ బీకి మొహం చూడకుండా చెప్పి వచ్చేశాడు జగపతి. ఆ మాట అప్పటినుంచి పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

మొదట బిక్షపతి ఇల్లు. తలుపు తీసి మొహం మాడ్చుకున్నాడు.

"మళ్ల ఏంది అల్లుడా? ఇప్పుడే గద పోయినవ్."

"నేనా? గిప్పుడే బస్సు దిగిన!"

"జర సిగ్గుండాలె. చిట్టీలు పొయ్యిల పెట్టిన్నని ఇందాక నా ముందట కూసోని ఏడిస్తివి. నడువ్ ఇగ."

ధడేలుమని తలుపేశాడు. జగపతి చెవులు వేడెక్కిపోయాయి. ఆ సంగతి పెళ్లానికి కూడా తెలియదే! ఇంట్లో ఎవరూ లేవకముందే కాల్చేవాడు.

సందులో చీకటి పడుతోంది. చూరునీళ్లు టప టప కారుతున్నాయి. అంత తడిలోనూ కాగితం కాలిన వాసన... అప్పుడే ఎవరో ఆ దారిన పోయినట్టు.

రెండో ఇంట్లో ముసలి కౌసల్య తలుపు సందులోంచే గుసగుసగా అంది.

"ఇందాక చెప్పినవ్ గద బిడ్డా. ఎన్నిసార్లు చెప్తవ్? పో, ఖమర్ బీకి గూడ చెప్త అంటివి, పో."

బస్టాండులో బస్సు హారన్ కొడుతోంది. ఎక్కేస్తే సరి. కానీ వాడెవడో ఖమర్ బీ ఇంటికి పోతున్నాడు... ఆమెకు చెప్పేస్తాడు. ఛీ, ఆమె మొహం ఇంకెప్పుడైనా ఎలా చూడటం! భయంకన్నా సిగ్గే ముందుకు తోసింది. పరుగెత్తాడు. బురద. చీకటి. ఆ వాసన...

ఖమర్ బీ గడపలో నిలబడి ఉంది, చేతిలో కందిలి దీపంతో. కళ్లు తడిగా ఉన్నాయి.

"అమ్మా... ఎవరన్న వచ్చిండ్రా?"

"జగపతి వచ్చిండు. తప్పంత నాదే అని తలకాయ వంచి చెప్పిండు." ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "మా ఆయనకు ఫికర్ లేదని గిన్నొద్దులు తిట్టుకున్న. సచ్చిపోయినోన్ని తిట్టుకున్న."

"ఏడి వాడు?"

"లోపల. అన్నం తింటుండు."

లోపల పళ్లెం చప్పుడు. ఒక్కమాట చాలు. అవునమ్మా, అది నిజమే అంటే చాలు. జగపతి నోరు తెరిచాడు. సిగ్గు అడ్డొచ్చింది.

"అబద్ధం," అన్నాడు. "వాడు అబద్ధం చెప్తుండు. నేనట్ల చెయ్యలే."

పళ్లెం చప్పుడు ఆగింది.

లోపలినుంచి జగపతి గొంతే... ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు...

"ఎవరమ్మా వచ్చింది?"

ఖమర్ బీ కందిలి పైకెత్తింది. దాని వేడి జగపతి గడ్డానికి తగిలింది. ఆమె అటు చూసింది, ఇటు చూసింది.

"ఎవ్వరు లేరు బిడ్డా," అని తలుపు దగ్గరగా వేసుకుంది.